నెమ్మెక్కిన గోడ



పంచాచారములలో రెండవదైన సదాచారమును గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని కూర్చున్నాను. గ్రంథములను ముందు పెట్టుకొన్న మాట నిజమే గాని కలము కదలలేదు. ఏలయనగా, గడచిన మూడేండ్లుగా నాకు సదాచారమును బోధించుచున్నది గ్రంథము కాదు, మా ఇంటి పడమటి గోడ. ఆ గోడ కథనే చెప్పెదను. ఇందులో నా గొప్పతనము లేదు, నా తప్పు మాత్రము కొంత కలదు. దానిని దాచి చెప్పినచో ఈ వ్యాసము వ్రాయనవసరమే లేదు.

ముందుగా ఒక భాషావిషయము. పండిత శిక్షణ పొందినవానికి మాటలపై మమకారము పోదు గదా! తెలుగున తడికి ఎన్ని పేర్లున్నవో గమనించినారా? కంటికి కనబడునది తడి. చేతికి తగులునది చెమ్మ. దుక్కిలో నిలిచి విత్తనమును మొలిపించునది పదును. గాలిలో నుండునది తేమ. గోడలో చేరి, బయటికి పోవు దారి లేక, లోపలనే నిలిచి గోడను గుల్లచేయునది నెమ్ము. ఈ నెమ్ము అను మాటను మన పెద్దలు మరియొక చోట కూడ వాడుదురు. పసిబిడ్డ రొమ్మున జలుబు పేరుకొని ఊపిరి గురగురలాడినప్పుడు ‘బిడ్డకు నెమ్ము చేసింది’ అందురు. గోడకును రొమ్మునకును ఒకే మాట! ముప్పది ఏండ్లుగా తెలుగు పాఠములు చెప్పుచున్న నాకు ఈ సామ్యము స్వంత ఇంట, స్వంత ఖర్చుతో బోధపడినది.

2022 ఏప్రిల్ నెలలో ఆదోనిలో మేము ఇల్లు కొన్నాము. ఇరువది ఎనిమిదేండ్లు అద్దె ఇండ్లలో గడపిన పిమ్మట కొన్న ఇల్లు. భవిష్యనిధి నుండి కొంత, బ్యాంకు అప్పు కొంత, మా ఇంటావిడ గాజులు నాలుగు. నేను జాగ్రత్తపరుడననియే నా నమ్మకము. దస్తావేజులు న్యాయవాదికి చూపించినాను. ఇ.సి. తీయించినాను. అంతటితో ఊరుకొనక ఒక ఇంజనీరుకు ఫీజు చెల్లించి ఇల్లంతయు పరీక్ష చేయించినాను. పెండ్లికి జాతకము చూపినట్లు ఇంటికి ఇంజనీరును చూపించుచున్నాడని బంధువులు నవ్వినారు.

ఆయన ఒక పూట ఇల్లంతయు తిరిగి మూడు పుటల నివేదిక వ్రాసి ఇచ్చినాడు. కప్పు బాగున్నది, దూలములు బాగున్నవి, గోడలలో ప్రమాదకరమైన బీటలు లేవు, కరెంటు తీగలు కొన్ని మార్చవలెను. మూడవ పుట అడుగున రెండు వాక్యములు. పడమటి గది గోడకు బీరువా, మంచము ఆనించి యుండుటచే ఆ గోడ క్రింది భాగమును చూచుటకు వీలుపడలేదని ఒకటి. వర్షకాలమున మరల ఒకసారి చూచుట మంచిదని రెండవది. నేను చదివినాను. చదివి, మడిచి, సంచిలో పెట్టుకొన్నాను. పిల్లలకు ప్రశ్నపత్రము ఇచ్చునప్పుడు ‘చివరి వరకు చదవండిరా’ అని హెచ్చరించువాడను నేనే.

అయినను మా సీమలో ఏప్రిల్ ఎండకు బావులే ఎండును, గోడ ఎండదా? చేయి పెట్టి చూచిన చోటనెల్ల గోడ పొడిగానే యున్నది. క్రొత్త రంగు వాసన ఘుమఘుమలాడినది. అమ్మినవారు మర్యాదస్థులు, లింగధారులు. వెళ్ళునప్పుడు ‘ఈ బీరువా మోసుకొని పోవడం మాకు కష్టం, మీరే ఉంచుకోండి’ అన్నారు. ఉచితముగా బీరువా వచ్చినదని మేము ఎంతయో సంతోషించినాము. గృహప్రవేశమునాడు జంగమయ్యగారికి పాదపూజ చేసి, పడమటి గదినే పూజగదిగా ఏర్పాటు చేసికొన్నాము.

సెప్టెంబరులో నాలుగు రోజులు ముసురు పట్టినది. ఒకనాటి ఉదయము లింగపూజకు కూర్చుండి, గోడ గూటిలోని విభూతి ఉండను తీసికొనగా అది మెత్తగా చేతికి తగిలినది. నుదుట మూడు రేఖలు తీర్చబోయిన బూడిద ముద్దయై వ్రేళ్ళకు అంటుకొన్నది. అంతకుముందే గదిలో ఒక వాసన వచ్చుచుండెను. పాత పుస్తకముల పెట్టె తెరచినప్పుడు వచ్చు వాసన వంటిది. పుస్తకముల వాసన నాకు అలవాటే కనుక పట్టించుకొనలేదు. మా ఇంటావిడ మాత్రము ‘ఏమండీ, ఈ గదిలో ఏదో ముక్కిపోతోంది’ అని రెండు మూడు పర్యాయములు అన్నది. ఆనాడు ఇద్దరమును కలిసి బీరువాను ప్రక్కకు జరిపినాము.

గోడ నేల నుండి నడుమెత్తు వరకు నల్లబడి యున్నది. దానిపైన తెల్లని ఉప్పుపూత, పిండి చల్లినట్లు. వ్రేలితో తాకినంతనే పెచ్చు ఊడి పడినది. ఆ పెచ్చును చేతిలోనికి తీసికొని అంచు చూచినాను. పొరపై పొర, నాలుగు రంగులు. లోపల పసుపు, దానిపైన లేత నీలము, దానిపైన గులాబి, అన్నింటికి పైన మేము చూచి మురిసిన క్రొత్త తెలుపు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క వేసవి. నాలుగు సార్లు ఈ గోడ నోరు మూయించినారన్నమాట.

కోపము రాలేదని అనను. ఆ సాయంత్రమే అమ్మినవారి ఇంటికి పోయినాను. ఆయన నన్ను కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, తల వంచుకొని ఒకే మాట అన్నాడు. ‘మేమూ అట్లనే కొన్నాం అయివారూ. మాకూ ఎవరూ చెప్పలేదు.’ ఏమి బదులు చెప్పవలెనో నాకు తోచలేదు. లేచి వచ్చినాను.

ఇక్కడ గోడ సంగతి కొంచెము వివరముగా చెప్పవలసి యున్నది. ఇది తెలిసినగాని పై మాటలు తెలియవు. ఒక వృద్ధ మేస్త్రీని పిలిచినాను. ఆయన గోడపై చిన్న ప్లాస్టిక్ కాగితమును నాలుగు వైపుల గాలి చొరకుండ అంటించి ‘రెండు దినాలు దీన్ని ముట్టుకోవద్దండి’ అని పోయినాడు. మూడవనాడు చూడగా కాగితము లోపలివైపు, అనగా గోడవైపు, నీటి బొట్లు నిలిచినవి. బయటివైపు బొట్లు పట్టినచో అది గదిగాలిలోని తేమ. లోపలివైపు పట్టినచో గోడ నుండియే వచ్చుచున్నదని అర్థము. పిమ్మట ఒక యువ ఇంజనీరు రెండు సూదులు గల చిన్న పరికరమును తెచ్చినాడు. గోడగుండ విద్యుత్తు ఎంత సులువుగా సాగునో చూచి అది తేమను లెక్కగట్టునట. ‘కానీ సార్, గోడలో ఉప్పు ఉంటే దీని లెక్క పూర్తిగా నమ్మలేము, ఉప్పు కూడా కరెంటును పోనిస్తుంది’ అని ఆ కుర్రవాడే చెప్పినాడు. తన పరికరము లోపమును తానే చెప్పిన ఆ కుర్రవానిపై నాకు గౌరవము కలిగినది.

కారణము పెరటిలో దొరికినది. ఇల్లు కట్టిన పుణ్యాత్ముడు తప్పు చేయలేదు. పునాదికిని గోడకును నడుమ, నేల తడి పైకి ప్రాకకుండ, అంగుళమున్నర మందమున కాంక్రీటు పొర వేసియే కట్టినాడు. ఇటుక అనునది దీపపు వత్తి వంటిది. వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక నేల నీటిని పైకి పీల్చును. ఆ పొర అడ్డు లేనిచో తడి ఒక గజమెత్తు వరకు ఎక్కును. ఆ పొర ఉండియు నెమ్మెట్లు వచ్చినది? తరువాతి వారెవరో పెరడు ఎత్తు చేయవలెనని గోడ వెంబడి మట్టి పోసి, దానిపైన గచ్చు చేయించినారు. మట్టి ఆ పొరకు పైన మూరెడెత్తున నిలిచినది. వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేయగా వాననీరు వీధిలో నిలువ చోటు లేక మా పెరటికే వచ్చుచున్నది. పొర ఉన్నచోటనే యున్నది. నీరు దానిని దాటి, ప్రక్క నుండి లోపలికి పోవుచున్నది.

శివశరణులారా, ఈ సంగతి మేస్త్రీ చెప్పుచుండగా నాకు దీక్ష జ్ఞప్తికి వచ్చినది. మనలో చాలమందికి చిన్ననాడే గురువు లింగదీక్ష ఇచ్చినాడు. ఆ పొర పునాదిలో వేయబడినది. అది చెడిపోదు. కాని తరువాత మనము ఏమి చేయుచున్నాము? సంపాదన ఒక తట్ట, అభిమానము ఒక తట్ట, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అను మట్టి పది తట్టలు, గోడ వెంబడి పోయుచున్నాము. లింగము రొమ్మున వ్రేలాడుచునే యున్నది. నెమ్ము దానికి పైన ఎక్కుచున్నది. దీక్ష నిలువలేదని గురువును నిందించి లాభమేమి? పెరటి మట్టి ఎవరు పోసినారు?

నేను మొదట చేసిన వైద్యము తప్పుడు వైద్యము. 2023 వేసవిలో క్రింది భాగము గీకించి సిమెంటుతో గట్టిగా పూత పూయించినాను. పెరటి మట్టి జోలికి పోలేదు, ఖర్చని. మేస్త్రీ వద్దన్నాడు, నేను వినలేదు. ఆ వానకాలమున నెమ్ము నడుమెత్తు నుండి రొమ్మెత్తుకు ఎక్కినది. ముందు వైపు దారి మూసినందున నీరు పైకి దారి వెదకుకొన్నది. పాత ఇండ్లలో సున్నపు పూత ఎందుకు వేసిరో అప్పుడు తెలిసినది. సున్నపు పూత గోడను ఊపిరి పీల్చనిచ్చును. లోపలి తడి మెల్లగా బయటికి పోవును. సిమెంటు పూత నోరు మూయును. పైగా నీటితో వచ్చిన ఉప్పు గోడలో గడ్డకట్టి, ఉబ్బి, పూతను బయటికి త్రోయును. ఆ ఉప్పు గాలిలోని తేమను కూడ పీల్చుకొనును కనుక నీరు ఆగిన తరువాతను గోడ చెమ్మగిల్లుచునే యుండును. పాపము ఆగినను దాని ఉప్పు కొంతకాలము నిలుచునన్నమాట.

ఈ ఉప్పు విషయమున మరియొక వింత కలదు. మా తాతగారి ఊరిలో ఇండ్లన్నియు మట్టి మిద్దెలు. దూలములు, దంతెలు, పైన మట్టి, ఆ మట్టిపైన చౌడు. వానలకు ముందు ఏటేట బండ్లతో చౌడు తోలించి మిద్దెపై పరచెడివారు. చౌటి నేలలో పైరు పండదు, కాని మిద్దె మీద ఆ చౌడే గొడుగు. తడి తగిలినంతనే దాని రేణువులు విడిపోయి సందులన్నియు మూసికొని నీటిని క్రిందికి దిగనీయవు. అదే చౌడు గోడ అడుగున చేరినచో గోడను తినివేయును. చౌడు ఒకటియే, ఉండవలసిన చోటు వేరు. ధనమును గురించి బసవేశ్వరుడు నడచి చూపిన మార్గము ఇట్టిదే కదా. ఆయన బిజ్జలుని కొలువున భండారి. ధనము చేతినిండ ఆడినది. అది దాసోహమై జంగమసేవకు పైన పరచుకొన్నది గాని, ఆయన ఇంటి గోడలోనికి ఇంకలేదు.

స్థావరము, జంగమము అను రెండు మాటల భేదమును ఆ మహానుభావుడు ఎంత పట్టుదలతో చెప్పినాడో మనకు తెలియును. నేను ఆ భేదమును ఏండ్ల తరబడి సభలలో వివరించినవాడనే. నీటి విషయమున దానిని చూడలేదు. నీరు చెడ్డది కాదు. అష్టావరణములలో పాదోదకము ఒకటి. జంగముని పాదముల నుండి జారి, అరచేతిలోనికి వచ్చి, నాలుకపై పడి సాగిపోవు నీరు తీర్థము. భక్తుని కంట నిండి జారు నీరు ఆర్ద్రత. అదే నీరు గోడలో చిక్కి, కదలక, దారి లేక నిలిచినచో నెమ్ము. మనసు తడియగుట దోషము కాదు. దుఃఖము, సిగ్గు, చేసిన తప్పు ఇవన్నియు తడియే. బయటికి పోనీయక పైన రంగు వేసినప్పుడు అవి నెమ్మగును. భక్తి గలవాడు ఏడ్చును, ఒప్పుకొనును, ఆరును. మనము పుట్టీ పెట్టుచున్నాము.

ఇంతవరకు చెప్పినది సులువైన భాగము. ఇక నా సంగతి.

2024 ఆరంభమున మా అమ్మాయి పై చదువుకు పెద్దమొత్తము కావలసి వచ్చినది. ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలినది ఆమెకు ఇచ్చి, మరల అద్దె ఇంటికి పోవుదమని నిశ్చయించినాము. మా బావమరిది లోకజ్ఞుడు. ‘బావా, ఎండాకాలం రానీ. గోడ ఎండుతుంది. పుట్టీ పెట్టించి మంచి రంగు వేయిద్దాం. మీకు ఎట్లా అమ్మినారో మీరూ అట్లనే అమ్మండి. ఇందులో తప్పేముంది? మీరేమైనా నెమ్మును తయారుచేసినారా?’ అన్నాడు. ఆ మాట నాకు నచ్చినది. నచ్చలేదని వ్రాయుటకు కలము ఒప్పుకొనదు. మార్చిలో రంగుల మేస్త్రీని పిలిచి రెండువేల రూపాయలు అడ్వాన్సు ఇచ్చినాను. ఏ రంగు వేయవలెనో కూడ చెప్పినాను. తెలుపు.

ఏప్రిల్ మొదటి వారమున ఒక యువకుడు తల్లిని వెంటబెట్టుకొని ఇల్లు చూడవచ్చినాడు. ఊరిలో చిన్న ఫలహారశాల నడుపుకొను కష్టజీవి. తల్లికి ఉబ్బసము, నాలుగు మెట్లెక్కినచో ఆయాసము. ఇల్లంతయు చూచి పడమటి గదిలో నిలిచి ‘అమ్మా, నీకు ఈ గది బాగుంటుంది. మెట్లు లేవు, చల్లగా ఉంది’ అన్నాడు. ఆ చల్లదనము దేనిదో నాకు తెలియును. ‘ఔను నాయనా, వేసవిలో ఈ గది చాలా చల్లగా ఉంటుంది’ అన్నాను. అబద్ధము కాదు. ఒక్క అక్షరము కూడ అబద్ధము కాదు. వారు వారమురోజులలో బయానా తెచ్చెదమని చెప్పి పోయినారు.

న్యాయశాస్త్రము ఈ విషయమున ఏమనుచున్నదో నాకు అంతకుముందే తెలియును. అమ్మినవారిపై కోపము వచ్చిన రోజులలో న్యాయవాదిని అడిగి తెలిసికొన్నాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమున 55వ సెక్షను కలదు. అమ్మువానికి తెలిసి, కొనువానికి తెలియక, సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టుటకు వీలు కాని ముఖ్యమైన లోపమేదైన ఆస్తిలో ఉన్నచో, దానిని అమ్మువాడు చెప్పి తీరవలెను. చెప్పక ఊరుకొనుట మోసము క్రిందనే లెక్క. అబద్ధము చెప్పుట మాత్రమే కాదు, నోరు మెదపకుండుట కూడ మోసమే! 2016 నాటి రెరా చట్టము క్రొత్త కట్టడములు కట్టి అమ్మువారిని అయిదేండ్ల పాటు లోపములకు బాధ్యులను చేసినది గాని, మా వంటి పాత ఇంటి బేరమునకు అది పనికిరాదు. ఈ పాత సెక్షనే దిక్కు. నేను నష్టపోయినప్పుడు ఆ సెక్షనును నోట వల్లించినవాడను. అమ్మవలసి వచ్చినప్పుడు అది జ్ఞప్తికి రాలేదు.

ఆ రాత్రి మా ఇంటావిడ విస్తళ్ళు తీయుచు, నా వైపు చూడకుండ అడిగినది. ‘ఏమండీ, బీరువా మళ్ళీ ఆ గోడకే ఆనించి పెట్టించమంటారా?’

ఆమె దెప్పుచున్నదో, నిజముగానే అడుగుచున్నదో నేటికిని నాకు తెలియదు. రంగులు వేసిన తరువాత సామాను ఎక్కడ పెట్టవలెనను ఆలోచన గృహిణికి సహజమే. కాని ఆ ప్రశ్నకు ‘ఔను’ అని చెప్పుటకు నాకు నోరు రాలేదు. నాలుగు రంగుల పెచ్చు కళ్ళకు కట్టినది. నేను అయిదవ రంగును.

అయిదక్కి మారయ్య, లక్కమ్మల కథ మీ అందరికి తెలిసినదే. బసవేశ్వరుని కాలమున కల్యాణమున రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుటయే మారయ్య కాయకము. ఆ గింజలతోనే దాసోహము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. ఎక్కువైనది తిరిగి అక్కడనే పోసి రమ్మన్నది. ఆ కథను నేను పిల్లలకు చెప్పునప్పుడు ‘అల్పసంతోషమునకు ఉదాహరణము’ అని చెప్పి ముగించుచుంటిని. ఇప్పుడు చూడగా అందులో అల్పసంతోషము కంటె గట్టిదేదో యున్నది. మారయ్య దొంగిలించలేదు. రాలిన గింజలే ఏరినాడు. ఏ చట్టము ప్రకారమును తప్పు చేయలేదు. అయినను తనది కానిదేదో సంచిలోనికి వచ్చినది. సంచి బరువును చూచి గుర్తుపట్టినది మారయ్య కాదు, లక్కమ్మ. మన ఇండ్లలోను బరువు తూచువారు వారే అయియుందురు.

బసవపురాణమును ద్విపదలో రచించి మన తెలుగువారికి ఇచ్చిన పాల్కురికి సోమనాథుని రుణము మనము తీర్చుకొనలేము. అందులోని భండారపు కథ ఆ రాత్రి నా మనసున మెదలినది. బసవయ్య రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని చాడీలు చెప్పగా బిజ్జలుడు లెక్క అడిగినాడు. బసవేశ్వరుడు భండారమును తెరిపించి, రాజు ఎదుటనే లెక్కింపజేసినాడు. ధనము కొరవడలేదు. ఆ కథలో మహిమను అందరు చెప్పుదురు. నాకు ఆ రాత్రి మహిమ కంటె తలుపు తెరచుట గొప్పగా తోచినది. తలుపు తెరచుటకు ముందు ఆయన ఏ సామానును ఏ గోడకును జరుపలేదు.

మరునాడు బడి నుండి నేరుగ ఆ యువకుని ఫలహారశాలకు పోయినాను. రద్దీ తగ్గువరకు బల్ల దగ్గర కూర్చుండి, చెప్పినాను. రెండేండ్ల కథయంతయు కాదు. గోడలో నెమ్మున్నది, వానకాలమున రొమ్మెత్తు ఎక్కును, నీ తల్లికి ఆ గది పనికిరాదు, నిన్న నేను చెప్పకుండ దాచినాను, అని ఇంతమాత్రము. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత ‘కాఫీ తాగండి అయివారూ’ అన్నాడు. సాయంత్రము తల్లిని తీసికొని మరల వచ్చినాడు. బీరువా జరిపి చూపించినాను. ఆ పెద్దావిడ గోడను అరచేతితో తడిమి ‘మేముండే అద్దె ఇంట్లోనూ ఇదే గోడ నాయనా. చూపించినవాళ్ళు మాత్రం లేరు’ అన్నది.

వారు కొనలేదు. నేను కొనవలసినదని అడుగనూ లేదు. ఆ మాట ఊరిలో ప్రాకి తరువాత వచ్చినవారు సగము ధర అడిగినారు. మా బావమరిది నాలుగు నెలలు మా గడప త్రొక్కలేదు. రంగుల మేస్త్రీ అడ్వాన్సు తిరిగి ఇచ్చినాడు, పాపము, అందులో రెండువందలు తన రాకపోకలకు పట్టుకొని. అమ్మాయి చదువునకు విద్యారుణము తీసికొన్నాము. ఆ కంతులు నా ఉద్యోగ విరమణ తరువాత కూడ సాగును. చెప్పినందున ఇది కలిసివచ్చినది, అది కలిసివచ్చినది అని చెప్పుటకు నా వద్ద ఏమియు లేదు.

ఇల్లు అమ్ముట మానుకొని, చేయవలసిన వైద్యము చేయించినాము. ముందు పెరటి గచ్చు పగులగొట్టించి, గోడ వెంబడి మట్టిని ఆ కాంక్రీటు పొరకు క్రిందికి జానెడు తీయించి, నీరు పోవుటకు కాలువ కట్టించినాము. 2025 జనవరిలో సిమెంటు పూతను తల ఎత్తు వరకు పూర్తిగా గీకించి ఇటుకను బయటపెట్టినాము. ఇక పూత ఎప్పుడని అడిగితే, ‘గోడ అంగుళానికి ఒక నెల చొప్పున ఆరుతుందని మా మోటు లెక్క. తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. తొందరపడితే మళ్ళీ మొదటికే వస్తుంది’ అన్నాడు మేస్త్రీ. ఆరిన తరువాత సున్నపు పూతయే పూయవలెనని ఒప్పందము.

ఇప్పుడు ఆరవ నెల నడుచుచున్నది. పూజ మధ్యగదిలో చేసికొనుచున్నాము. విభూతి ఉండలు పొడిగానే యున్నవి. పడమటి గదిలో గోడ ఎర్రని ఇటుకలతో, తెల్లని ఉప్పు చారలతో, చూచువారికి అసహ్యముగా నిలిచియున్నది. వారమునకొకసారి మెత్తని చీపురుతో ఆ ఉప్పును దులిపి బయట పారబోయుట నా పని. బీరువా ఏ గోడకును ఆనక గది నడుమ నిలిచియున్నది. వచ్చినవారందరు ఇదేమి చోద్యమని అడుగుచున్నారు. అడిగినవారికెల్ల గోడను చూపించుచున్నాము. పోయిన నెల ఆ ఫలహారశాల యువకుడు ఇటు వచ్చి, ఇటుకలపై చేయి ఆనించి చూచి, ‘ఇంకా నాలుగు నెలలన్నమాట’ అని అడిగి, తల్లికి చెప్పెదనని వెళ్ళినాడు.